‘ఇంతిఫాదా’ను ఏమని చెప్పాలి

నేను అరబ్బీ నేర్చుకున్నది రోగుల దగ్గర. పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇరవై మూడేళ్ళ వయసులో ఇరాక్ వెళ్ళాను. యూఫ్రటీస్ నది ఒడ్డున సమావా అనే ఊరు, అక్కడి ఆసుపత్రిలో మగవాళ్ళ సర్జికల్ వార్డు. ఇరాన్‌తో యుద్ధం నడుస్తున్న రోజులు. మంచాలు చాలక వరండాలో కూడా పరుపులు వేసేవాళ్ళం. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, నీళ్ళు తాగావా, అమ్మని పిలవనా: నా అరబ్బీ మొదలైంది ఈ నాలుగు మాటలతో.

అక్కడి నుంచి అమెరికా వచ్చి, డెట్రాయిట్ పక్కన చాలాకాలం నర్సుగానే చేశాను. రోగుల్ని ఎత్తి ఎత్తి నడుం పోయింది. అప్పుడు ఇంటర్‌ప్రెటర్ పనిలోకి మారాను. ఆసుపత్రులు, కోర్టులు, ఇమిగ్రేషన్ ఆఫీసులు. కిందటేడు మానేశాను. పెళ్ళి చేసుకోలేదు. దాని కారణాలు ఇక్కడ అక్కర్లేదు.

ఈమధ్య మన పిల్లలు ఇద్దరు ఫోన్ చేసి, తెలుగు ఇంటర్‌ప్రెటర్లుగా చేరదామనుకుంటున్నాం ఆంటీ, ఎలా ఉంటుంది అని అడిగారు. పరీక్ష ఎలా రాయాలో, సర్టిఫికెట్ ఎవరిస్తారో ఇంటర్‌నెట్‌లో ఉంది. అది నేను రాయను. నాకు తెలిసింది రాస్తాను. ఎక్కువగా ఒక మాట గురించీ, ఒక మనిషి గురించీ. అతని పేరు మార్చి హాదీ అంటున్నాను. గుర్తుపట్టే వీలున్న మరికొన్ని వివరాలు కూడా మార్చాను.

వార్డులో విన్న మాట

సమావా ఆసుపత్రిలో డాక్టర్లు వార్డులోనే సిగరెట్లు కాల్చేవారు. నేను చేరిన వారంలోనే ఒకాయన, ‘నఫ్ఫాదా తీసుకురా’ అన్నాడు. కత్తెర తెచ్చాను. కాదన్నాడు. దూది తెచ్చాను. మంచం మీదున్న సైనికుడు నవ్వి, వేలితో సిగరెట్ మీద తట్టినట్టు చూపించాడు. నఫ్ఫాదా అంటే బూడిద దులిపే గిన్నె. ‘నఫద’ అంటే దులపడం. దుప్పటి దులిపినా అదే మాట, చెప్పుల్లోంచి ఇసుక దులిపినా అదే. ఒక పనితో నాకిక సంబంధం లేదని చేతులు దులుపుకోవడం మన దగ్గర ఉన్నట్టే వాళ్ళకీ ఉంది. సరిగ్గా ఆ మాటతోనే అంటారు.

ఇదే మాటకి ఇంకో రూపం ఉంది. చలిజ్వరం వచ్చి వణుకుతున్నవాణ్ణి చూసి పక్క మంచం అతను ‘యింతిఫిద్’ అనేవాడు. ఒళ్ళు తనని తాను దులుపుకున్నట్టు వణుకుతోందని అర్థం. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినా అదే. పిట్ట రెక్కలు విదిలించినా అదే.

ఇంతిఫాదా అనే పేరు ఈ రూపంలోంచే వచ్చింది. పాలస్తీనా జనం ఇజ్రాయెల్ మీద తిరగబడినప్పుడు ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. నేను మాత్రం ఆ పేరు వినకముందే దాని చుట్టాలందర్నీ వార్డులో చూశాను.

ఖలీల్ గారు

నాకు పని ఇచ్చిన ఏజెన్సీ ఖలీల్ గారిది. లెబనాన్ మనిషి, అప్పటికే అరవై దాటినవాడు. ఆయన గురించి మంచీ చెడూ రెండూ చెప్పాలి.

చెడు ఏమిటంటే, అరబ్బీ వస్తే చాలు, ఎవర్నైనా ఎక్కడికైనా పంపేవాడు. మొరాకో కుర్రాణ్ణి ఇరాక్ ముసలమ్మ దగ్గరికి పంపేవాడు. ఆ ఇద్దరూ అరబ్బీయే మాట్లాడతారు, కానీ ఒకరి మాట ఒకరికి సగమే అందుతుంది. 2001 సెప్టెంబర్ తర్వాత పని ఒక్కసారిగా పెరిగింది. మనుషులు చాలలేదు. కాలేజీ పిల్లల్ని కూడా పెట్టుకున్నాడు. అలాంటి ఒక అమ్మాయి ఒక ఆసుపత్రిలో, కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌తో వణికిపోతున్న ముసలావిడ చెప్పిన మాటని ‘నా శరీరం తిరగబడుతోంది’ అని డాక్టరుకి చెప్పింది. ఆ పిల్లకి ఆ మాట టీవీ వార్తల్లోంచే తెలుసు. డాక్టరు మానసిక వైద్యుణ్ణి పిలిపించాడు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆవిడకి జ్వరం బాగా ఎక్కువగా ఉంది. ‘చలితో వణుకు అంటోంది’ అన్నాను. మందు ఆ తర్వాతే మొదలైంది. ఆవిడ బతికింది.

ఈ సంగతి చెబితే ఖలీల్ గారు ఆ అమ్మాయిని కేకలేయలేదు. నన్ను కూర్చోబెట్టి అడిగాడు: ‘ఆ పిల్ల స్థానంలో నువ్వుంటే, ఇంట్లో ఆ మాట ఎప్పుడూ వినకపోతే, ఏం చేసేదానివి?’

‘అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమనేదాన్ని.’

‘ఆ ఒక్క వాక్యం నేర్పడానికి నాకు ఒక్కొక్కరికీ రెండేళ్ళు పడుతోంది’ అన్నాడు.

నా ఇన్నేళ్ళ అనుభవంలో తప్పులు మాట రాకపోవడం వల్ల కంటే, మాట వచ్చుననుకోవడం వల్ల ఎక్కువ జరిగాయి. మీరు తెలుగులో చేసినా ఇదే. గోదావరి పెద్దాయన ‘ఒళ్ళు తూలుతోంది’ అంటే ఏమిటో, కరీంనగర్ పెద్దావిడ ‘పానం బాగలేదు’ అంటే ఏమిటో అడిగి తెలుసుకోండి. సిగ్గుపడకండి.

ఖలీల్ గారు నాకు నేర్పిన ఇంకో సంగతి, గదిలో నేను లేనట్టు ఉండటం. ఎదుటి మనిషి ‘నాకు కడుపునొప్పి’ అంటే, ‘ఆయనకి కడుపునొప్పిట’ అనకూడదు. ‘నాకు కడుపునొప్పి’ అనే అనాలి. ‘నేను’ అంటే అతను. మనకి ఏదైనా చెప్పవలసి వస్తే, ‘ఇంటర్‌ప్రెటర్ ఒక సందేహం అడుగుతోంది’ అని, మన గురించి మనమే ఎవరో పరాయి మనిషి గురించి చెప్పినట్టు చెప్పాలి. మన ఊరు చెప్పకూడదు, మన అభిప్రాయం చెప్పకూడదు, వాళ్ళింట్లో టీ తాగకూడదు, గదిలో విన్నది బయట ఎవరికీ చెప్పకూడదు. ఈ నియమాలన్నీ సరైనవే. పనిలో ఉన్నన్నాళ్ళూ నేను వాటిని దాటలేదు. అయితే అవి ఇరవై నాలుగు గంటలూ ఒంటరిగా ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. ఇంటికెళ్ళాక మాట్లాడటానికి నాలుగు నోళ్ళున్నవాళ్ళ కోసం రాసినవి.

హాదీ

హాదీ కూడా సమావా మనిషే.

ఆ సంగతి నాకు ఇమిగ్రేషన్ ఆఫీసు గదిలో, అతను పుట్టిన ఊరు చెప్పినప్పుడు తెలిసింది. సద్దాం పడిపోయిన మరుసటి ఏడాది అది. అతనికి నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఊళ్ళో వాళ్ళ కుటుంబానిది రొట్టెల పొయ్యి. 1991లో కువైట్ యుద్ధం ముగిశాక దక్షిణ ఇరాక్ జనం సద్దాం మీద తిరగబడ్డారు. సైన్యం దాన్ని అణిచేసింది. హాదీ ఎడారి దాటి సౌదీలో శరణార్థుల క్యాంపులో ఉండి, అక్కడి నుంచి మిషిగన్ వచ్చాడు. తమ్ముణ్ణి మాత్రం సైనికులు ఎత్తుకుపోయారు. మళ్ళీ కనబడలేదు.

శరణార్థిగా ఉండటానికి హాదీకి అనుమతి ఉంది. గ్రీన్ కార్డ్ మాత్రం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అతనికి తెలియదు. నాకు ఆ రోజు తెలిసింది.

ఆఫీసరు యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. పక్కన హాదీ లాయరు, చిన్నవాడు. ఆఫీసరు అడిగాడు: ‘సద్దాం మీద జరిగిన పోరాటంలో మీరేం చేశారు?’

హాదీ అన్నాడు: ‘ఇంతిఫాదా రోజుల్లో మేం రొట్టెలు కాల్చాం.’

‘తిరుగుబాటు రోజుల్లో మేం రొట్టెలు కాల్చాం’ అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆఫీసరు వెనక్కి కాగితాలు తిప్పాడు. ‘కిందటిసారి ఇంటర్వ్యూలో ‘నేను ఇంతిఫాదాలో ఉన్నాను’ అన్నారు. ఈసారి తిరుగుబాటు అంటున్నారు. స్టేట్‌మెంట్ మారుస్తున్నారా?’

కిందటిసారి ఫోన్ మీద చెప్పిన ఇంటర్‌ప్రెటర్ ఎవరో ఆ మాటని అలాగే వదిలేశారు. తర్జుమా చేయలేదు. ఆఫీసరుకి ఆ మాట వినగానే టీవీలో చూసిన, బాంబులకి పేలిపోయిన జెరూసలేం బస్సులు గుర్తొచ్చి ఉంటాయి. అది ఆయన తప్పని నేననను.

ఆయన ప్రశ్నని హాదీకి అరబ్బీలో చెప్పాను. అతను తెల్లబోయాడు. ‘నేనేం మార్చాను? అదే మాటన్నాను. అప్పుడూ ఇప్పుడూ.’

నిజమే. మారింది నా మాట.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. ‘ఇంటర్‌ప్రెటర్, అసలు ఆ మాటకి అర్థం ఏమిటి? ఎక్కడిది?’

అడిగారు కాబట్టి చెప్పవచ్చు. ‘ఇంటర్‌ప్రెటర్ చెప్పేదేమంటే’ అని మొదలుపెట్టాను. దులపడం గురించి చెప్పాను. వణుకు గురించి, ఉలిక్కిపడి లేవడం గురించి చెప్పాను. పాలస్తీనాలో జరిగినదానికి ఆ పేరుంది, ఇరాక్‌లో జరిగినదానికీ ఉంది, ఏ ఊళ్ళో జనం లేచినా అరబ్బీలో ఆ మాట వాడవచ్చు అన్నాను.

లాయరు ముందుకి వంగాడు. ‘అంటే అక్షరాలా చూస్తే దుమ్ము దులుపుకోవడం. ఆ మాటలో హింస లేదు. అంతేనా?’

‘మూలంలో లేదు’ అన్నాను.

‘అయితే రికార్డులో అలాగే రాయవచ్చు.’

హాదీ నా వైపు చూడలేదు. అతనికి ఇంగ్లీషు రాదు, ఈ సంభాషణంతా నేను అతనికి గుసగుసగా అరబ్బీలో చెబుతూనే ఉన్నాను. లాయరు వైపు తిరిగాను. ‘మూలం అది. ఈయన ఆ అర్థంలో అనలేదు. ఈయన చెబుతున్నది తిరుగుబాటు’ అన్నాను.

లాయరు పెన్ను బల్ల మీద పెట్టాడు.

ఆఫీసరు అడిగాడు: ‘ఆ రొట్టెలు ఎవరికిచ్చారు?’

‘ఆకలితో వచ్చిన ప్రతివాడికీ ఇచ్చాం.’

‘తుపాకులున్నవాళ్ళకి కూడానా?’

‘తుపాకీ ఉన్నవాడికి ఆకలి వేయదా?’ అన్నాడు హాదీ.

అతను ఏ గొంతుతో అన్నాడో ఆ గొంతుతోనే ఇంగ్లీషులో అన్నాను. ఆఫీసరు రాసుకున్నాడు. కాసేపు రాస్తూనే ఉన్నాడు.

అప్పటి చట్టం ప్రకారం, ప్రభుత్వం మీద ఆయుధాలెత్తిన గుంపుకి ఎవరైనా సాయం చేస్తే, అది అన్నం పెట్టడమైనా సరే, దాన్ని ఉగ్రవాదులకి సాయం కింద లెక్కవేయవచ్చు. ఆ గుంపు సద్దాం మీద లేచిందనీ, సద్దాం మీద యుద్ధానికి అమెరికాయే వెళ్ళిందనీ ఆ చట్టానికి పట్టదు. ‘నాకు ఇది న్యాయంగా అనిపించడం లేదు’ అని ఆఫీసరే లాయరుతో అన్నాడు. అయినా ఫైలు పక్కన పెట్టేశాడు. పెట్టక తప్పదు.

వరండాలో

బయటికి వచ్చాక లాయరు నాతో నెమ్మదిగా, కోపం దాచుకుంటూ అన్నాడు: ‘‘ఇచ్చాం’ అన్న చోట ‘వాళ్ళు తీసుకున్నారు’ అని చెప్పొచ్చు కదా. అరబ్బీలో అలా కూడా వస్తుందేమో.’

‘రాదు. ఆయన ‘ఇచ్చాం’ అన్నారు.’

‘మీరు ఎవరి పక్షం?’

ఈ ప్రశ్న మిమ్మల్నీ అడుగుతారు. దీనికి జవాబు చెప్పి ప్రయోజనం లేదు. ఒకసారి అతని మేలు కోసం మాట మారిస్తే, రేపు నా మాట ఎవరు నమ్ముతారు? హాదీ తర్వాత వచ్చేవాడు నిజం చెప్పినా, ఇంటర్‌ప్రెటర్ సర్ది చెబుతోందిలే అనుకుంటారు. ఇది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ సాయంత్రం అన్నం సహించలేదు.

హాదీ లాయరుతో మాట్లాడాలన్నాడు. మధ్యలో నేను నిలబడ్డాను. హిల్లా ఊరి దగ్గర మట్టి తవ్వుతున్నారు, సైన్యం చంపి పూడ్చినవాళ్ళ ఎముకలు బయటపడుతున్నాయి, ఎక్కడెక్కడి జనమో వెళ్ళి తమవాళ్ళని వెతుక్కుంటున్నారు అని చెప్పాడు. ఆ మాటలు నేను ‘నేను’ అంటూ చెప్పాలి.

‘నా తమ్ముణ్ణి వెతకాలి’ అన్నాను లాయరుతో. ‘చెప్పులు చూస్తే గుర్తుపడతాను. రబ్బరు చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే నేనే కరెంటు వైరుతో కట్టాను. ఇంకెవరికీ తెలియదు. నేనే వెళ్ళాలి.’

నాకు తమ్ముడు లేడు. ఆ మాటలంటున్నప్పుడు ఉన్నట్టే ఉంది.

కార్డు రాకుండా దేశం దాటితే వెనక్కి రావడం కష్టమని లాయరు చెప్పాడు. ఇక్కడ హాదీకి భార్య, పిల్లలు ఉన్నారు. హాదీ తలూపాడు.

కార్ పార్కింగ్ దాకా ఒకే దారి. హాదీ ముందు, నేను కాస్త వెనక. మీ ఊరి ఆసుపత్రి వెనక, నది వైపు, నర్సుల హాస్టల్ ఉండేది, నేను అక్కడ ఆరేళ్ళున్నాను అని చెబుదామనిపించింది. నా యవ్వనమంతా ఆ ఊళ్ళో గడిచింది. వేసవిలో మేడ మీద పడుకునేవాళ్ళం. నది మీది గాలి తెల్లవారుజామున మాత్రమే చల్లబడేది. దాన్ని ఎరిగిన మనిషి మిషిగన్‌లో నాకు అతను ఒక్కడే తగిలాడు. కేసు నడుస్తుండగా అతనితో ఆ మాట అనడానికి లేదు. ఇంటర్‌ప్రెటర్ కక్షిదారుకి పరిచయస్తురాలని తేలితే, ఆ రోజు చెప్పినదంతా చెల్లకుండా పోతుంది.

అతను తన కారెక్కాడు. నేను నా కారెక్కాను.

ఆ వారంలోనే వసంత ఫోన్ చేసింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్లకి దగ్గర్లోనే వాళ్ళ ఇల్లు. భర్త కార్ల కంపెనీలో ఇంజినీరు. కరీంనగర్ పిల్ల, నన్ను అక్కా అంటుంది. ఈ ఊళ్ళో నన్ను తలుచుకుని పిలిచేది ఆ అమ్మాయే.

‘అక్కా, సండే పాట్‌లక్‌కి నువ్వేం తెస్తున్నవ్?’

నాకు ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది. జరిగింది చెప్పకూడదు. ‘వసంతా, తిరుగుబాటు అని ఎందుకన్నారంటావ్ మనవాళ్ళు? తిరగడంలోంచి వచ్చిందంటావా? వెళ్ళేవాడు ఆగి, వెనక్కి తిరిగి నిలబడటమా?’ అని అడిగాను.

‘నేను పాట్‌లక్ అంటుంటే నువ్వు గిదేందక్కా? ఒంట్లో బాగుందా? నేనొచ్చి డ్రైవ్ చేసి తీస్కపోనా?’

‘బాగానే ఉంది. పులిహోర తెస్తా’ అన్నాను.

పాట్‌లక్‌లో ఎవరో కొత్తాయన నా ఉద్యోగం అడిగాడు. చెప్పాను. ‘అరబ్బులతోనా? ఈ రోజుల్లో జాగ్రత్తండీ’ అన్నాడాయన, నా మేలు కోరే. ఆ తర్వాత మాట ఇళ్ళ ధరల మీదికి పోయింది. నేను ప్లేటు పట్టుకుని పిల్లలు ఆడుకునే వైపు కూర్చున్నాను.

కథల చివరలు

ఈ పనిలో మీకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. మనుషుల జీవితాల్లో అన్నిటికంటే ముఖ్యమైన గంటలో మీరు వాళ్ళ పక్కన ఉంటారు. తర్వాత ఏమైందో మీకు తెలియదు. క్యాన్సర్ అని నా నోటితో చెప్పినవాళ్ళు ఎందరు బతికారో నాకు తెలియదు. పిల్లల్ని తల్లికివ్వాలో తండ్రికివ్వాలో జడ్జి ఏం తేల్చాడో తెలియదు. అడగకూడదు. నర్సుగా ఉన్నప్పుడు కనీసం మంచం ఖాళీ అయితే తెలిసేది.

హాదీ సంగతీ అలాగే పోయిందనుకున్నాను. ఇరాకీలందరూ వెళ్ళొస్తున్నారని, వెళ్ళినవాళ్ళు కొందరు అక్కడి బాంబుల్లో పోయారని వార్తల్లో వినేదాన్ని. కార్డు లేని హాదీ వెళ్ళి ఉండడనే అనుకునేదాన్ని. 2011లో ఈజిప్టులో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు ఏజెన్సీలో కుర్రవాళ్ళు టీవీ ముందు చేరి, దీన్ని ‘సౌరా’ అంటున్నారు, ఇంతిఫాదా అనడం లేదు, తేడా ఏమిటని ఖలీల్ గారిని అడిగారు. ఆయన అప్పటికి బాగా ముసలివాడైపోయాడు. ‘గెలిస్తే విప్లవం, సౌరా. ఓడిపోతే ఇంతిఫాదా’ అన్నాడు. కుర్రవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. నిఘంటువు ఒప్పుకోదుగానీ, ఆయన చెప్పినదాంట్లో కొంత నిజముంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నిబంధన సడలించారు. సద్దాం మీద లేచిన ఆ తిరుగుబాటులో ఉన్నవాళ్ళని విడిగా చూసి, మినహాయింపు ఇవ్వవచ్చన్నారు. ఒక ఉదయం నాకొచ్చిన పనిలో హాదీ పేరుంది.

ఈసారి ఆఫీసరు వేరు, ముప్పై ఏళ్ళ అమ్మాయి. లాయరు కూడా వేరు. హాదీ జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమె అవే ప్రశ్నలు అడిగింది. అతను అవే జవాబులు చెప్పాడు. ఆకలితో వచ్చిన ప్రతివాడికీ ఇచ్చాం. నేను ‘తిరుగుబాటు’ అన్నాను. ఆమె, ‘ఇంతిఫాదా అంటారు కదా మీరు, చదివాను’ అంది. ఇప్పుడేం పని చేస్తున్నారని అడిగితే డియర్‌బోర్న్‌లో సొంతంగా రొట్టెల కొట్టు పెట్టానన్నాడు. వీధి పేరు చెప్పాడు. చివర్లో ఆమె, అంతా బాగానే ఉంది, కార్డు ఇంటికి వస్తుంది అంది. నేను దాన్ని అరబ్బీలో చెప్పాను. ఇన్నేళ్ళలో అతనికి నేను చెప్పిన మంచి మాట అదొక్కటే, అదీ నాది కాదు.

హాదీ ఆమెకి దణ్ణం పెట్టినట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ వీధి వైపు నేను పోలేదు. పనిలో ఉన్నంతకాలం పోకూడదు.

రొట్టెల కొట్టు

పని మానేశాక కొన్ని నెలలు ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ మోగేది కాదు. ఇన్నేళ్ళు ఇతరుల మాటలు మాట్లాడిన నోరు, రోజుల తరబడి ఏమీ మాట్లాడకుండా ఉండేది. గ్రోసరీ షాపులో థాంక్యూ అంటే ఆ గొంతు నాదేనా అనిపించేది. ఒక మధ్యాహ్నం కారు తీసి డియర్‌బోర్న్ వెళ్ళాను.

చిన్న కొట్టు. లోపల పొయ్యి దగ్గర హాదీ, గల్లాపెట్టె దగ్గర ఆయన భార్య. పొయ్యిలోంచి అప్పుడే తీసిన సమూన్ రొట్టెలు, రెండు వైపులా మొన తేలిన పడవల్లాంటివి, బల్ల మీద పోస్తున్నాడు. ఆరు కావాలని అరబ్బీలో అడిగాను.

అతను తలెత్తాడు. ‘నువ్వు హిందియ్యావి, ఇండియా మనిషివి కదా. నీ మాటేమో మా ఊరి మాటలా ఉంది.’

‘మీ ఊరేది?’ అన్నాను.

‘సమావా.’

‘నేను అక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేశాను. ఇరాన్ యుద్ధం రోజుల్లో.’

అతను చేతిలోని రొట్టెలు తీసే పార పక్కన పెట్టాడు. భార్యని పిలిచాడు. ఆవిడ ఇటు వచ్చి నన్ను ఎగాదిగా చూసి, ‘ఏ వార్డు?’ అంది.

‘మగవాళ్ళ సర్జికల్.’

‘మా నాన్నకి అక్కడే హెర్నియా ఆపరేషన్ చేశారు’ అంది. ‘ఇండియా నర్సులు సూది నొప్పి లేకుండా వేస్తారని ఊరంతా చెప్పుకునేవాళ్ళు.’ కుర్చీ వేసింది. చిన్న గాజు గ్లాసులో టీ పెట్టింది. ఐసు ఫ్యాక్టరీ గురించి, వంతెన దగ్గర చేపలు కాల్చేవాళ్ళ గురించి, మేడ మీద పడుకోవడం గురించి మాట్లాడుకున్నాం. వంతెన కూలిందని చెప్పారు. కొత్తది కట్టారట.

అతను నన్ను గుర్తుపట్టలేదు. అది అతని తప్పు కాదు. ఇంటర్వ్యూ మొదలయ్యే ముందు, నా వైపు చూడకండి, ఆఫీసరు వైపే చూస్తూ మాట్లాడండి అని ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. రెండుసార్లూ అతను నేను చెప్పినట్టే చేశాడు. ఇప్పుడు కావాలంటే చెప్పుకోవచ్చు. చెప్పలేదు. ఆ గదిలో విన్నది నాది కాదు. పైగా అతని ఎదురుగా నేను నేనుగా కూర్చున్నది ఇదే మొదలు. దాన్ని చెడగొట్టుకోవాలనిపించలేదు.

‘నువ్వు ఎప్పుడు వచ్చేశావక్కా అక్కడి నుంచి?’ అన్నాడు.

‘యుద్ధం అయిపోకముందే.’

‘అయితే ఇంతిఫాదా చూడలేదు. ఆ మాట తెలుసా నీకు?’

నాకు నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. ‘చెప్పండి’ అన్నాను.

అతను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ‘ఏం చెప్పను. అంతకుముందు ఇంట్లో రేడియో పెట్టాలన్నా కిటికీలు మూసేవాళ్ళం. పిల్లలకి స్కూల్లో ఏం మాట్లాడకూడదో నేర్పేవాళ్ళం. ఆ కొద్ది రోజులు ఊరంతా కిటికీలు తెరిచే ఉంచింది. నా తమ్ముడు ఉండేవాడు. వాడు వీధి మొదట్లోంచే గట్టిగా పాడుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఎవరికీ భయపడకుండా. ఇంతిఫాదా అంటే నాకు అంతే.’

‘వాడికి పాడటం చేతకాదు’ అంది భార్య. ‘గాడిద గొంతు.’

‘గాడిద గొంతే’ అన్నాడు హాదీ.

కిందటేడు వెళ్ళొచ్చానని చెప్పాడు. తమ్ముడు దొరకలేదు. ఆలస్యమైంది. ఎవరివో తెలియని ఎముకల్ని విడివిడిగా మళ్ళీ పూడ్చి, పైన నంబర్లు పెట్టారట. చెప్పులూ బట్టలూ ఎక్కడికి తరలించారో చెప్పగలిగినవాళ్ళు లేరు. అన్ని సమాధుల దగ్గరా నిలబడి ఫాతిహా ప్రార్థన చదివి వచ్చేశానన్నాడు. ‘ముందే వెళ్ళి ఉంటే చెప్పులు చూసేవాణ్ణి’ అన్నాడు.

ఎందుకు ముందే వెళ్ళలేకపోయాడో నాకు తెలుసు. ఆ రోజు అతని మాటల్ని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మళ్ళీ ఆ గదిలో కూర్చోబెడితే అలాగే చెబుతాను. మీరూ అలాగే చెప్పాలి. చెప్పి, దాని బరువు మోయాలి. మోయడం ఎలాగో నన్నడగకండి, నాకు రాలేదు.

డబ్బు తీసుకోలేదు వాళ్ళు. ఆవిడ రొట్టెలు కాగితంలో చుట్టి చేతికిస్తూ, శుక్రవారం ఇంటికి భోజనానికి రమ్మంది. ఇలాంటి పిలుపులకి జవాబుగా ఒక వాక్యం అరబ్బీలో నాకు కంఠతా వచ్చు: చాలా సంతోషం, క్షమించండి, మా ఉద్యోగ నియమాలు ఒప్పుకోవు. ఎన్ని వందల గుమ్మాల్లో అన్నానో. ఆ వాక్యం నోటి దాకా వచ్చింది.

వస్తానన్నాను.